ఎర్రగీత పడని తప్పులు

"జాతీయ పోటీల్లో బంగారు పథకం సాధించిన విద్యార్థినికి వచ్చే ఆదివారం పురస్కార ప్రధానం జరుగుతుంది. దీంతో ఆమె తల్లిదండ్రుల చిరకాల కళ నెరవేరింది."

ఈ రెండు వాక్యాలూ కంప్యూటర్‌లో కొట్టి స్పెల్ చెకర్‌కి అప్పజెప్పండి. పథకం తెలుగు మాటే. ప్రధానం తెలుగులో ఉన్న మాటే. కళ కూడా అంతే. అందుకని ఈ మూడింటి కిందా ఎర్రగీత పడదు. కానీ ఆ అమ్మాయి గెలిచింది పతకం, జరగబోయేది ప్రదానం, నెరవేరింది కల. రెండు వాక్యాల్లో మూడు తప్పులున్నాయి, మూడూ నిఘంటువులో ఉన్న మాటలే.

నేను విజయవాడలో ప్రూఫులు దిద్దుతాను. ఏలూరు రోడ్డు చుట్టుపక్కల ప్రెస్సులకి శుభలేఖలు, కరపత్రాలు, గైడ్లు, సావనీర్లు, అప్పుడప్పుడు మంచి పుస్తకాలు చదివిపెడతాను. డీటీపీ చేసే పిల్లలు పేజీ తెచ్చి, "అక్కా, ఎర్రగీత ఒక్కటి కూడా లేదు, ప్లేటుకి పంపేయమంటారా?" అంటారు. ఎర్రగీతలున్న పేజీ నాకు పెద్ద బెంగ కాదు. తప్పెక్కడుందో అందులో కంటికి కనబడుతుంది. గీత లేని పేజీనే నెమ్మదిగా చదవాలి. ఎందుకంటే అక్కడ మిగిలినవన్నీ సరైన మాటల వేషం వేసుకున్న తప్పులు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే స్పెల్ చెకర్ చేసే పనేమిటో చూడాలి. మనం మాట కొట్టి స్పేస్ బార్ నొక్కగానే అది తన జాబితాలో ఆ మాట ఉందో లేదో వెతుకుతుంది. ఉంటే ఊరుకుంటుంది, లేకపోతే గీత గీస్తుంది. పెళ్లి గుమ్మం దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ల పేరు పిలుపుల జాబితాలో ఉందా లేదా చూసే మనిషి లాంటిదన్నమాట. పేరుంటే లోపలికి పంపేస్తాడు. లోపలికెళ్లినవాడు పెళ్లికొడుకు పీట మీద కూర్చున్నా అది అతని లెక్కలోకి రాదు.

ఈ పద్ధతికి అరవై ఏళ్లు దాటాయి. 1961లో అమెరికాలోని ఎంఐటీలో లెస్ ఎర్నెస్ట్ అనే ఆయన చేతిరాతను గుర్తుపట్టే యంత్రం మీద పనిచేస్తూ, అది చదివిన మాట సరైనదో కాదో చూసుకోవడానికి 10,000 ఇంగ్లీషు మాటల జాబితా ఒకటి దానికి తగిలించాడు. 1971లో స్టాన్‌ఫర్డ్‌లో రాల్ఫ్ గోరిన్ రాసిన ప్రోగ్రాం తప్పు చూపించి ఊరుకోకుండా, దగ్గరి మాటల్ని సూచించడం కూడా మొదలుపెట్టింది. మనందరికీ అలవాటైన వంకర ఎర్రగీత మైక్రోసాఫ్ట్ వర్డ్ 95తో వచ్చింది. జాబితాలు పెద్దవయ్యాయి, వెతకడం వేగమైంది. అడిగే ప్రశ్న మాత్రం చాలాకాలం మారలేదు: "ఈ మాట ఉందా?" "ఈ మాట ఇక్కడ ఉండాలా?" అనేది వేరే ప్రశ్న. దాన్ని యంత్రాలు అడగడం మొదలుపెట్టింది చాలా తర్వాత.

మధ్యలో ఇంకొకాయన పేరు చెప్పాలి. ఐబీఎంలో పనిచేసిన ఫ్రెడ్ డామెరో 1964లో టైపింగ్ తప్పుల్ని పరిశీలించి, వాటిలో 80 శాతానికి పైగా ఒక్క పొరపాటుతో వచ్చినవేనని తేల్చాడు. ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం పడటం, ఒకటి జారిపోవడం, ఒకటి అదనంగా దూరడం, పక్కపక్క అక్షరాలు రెండూ తారుమారవడం. ఈ నాలుగే. స్పెల్ చెకర్లు ఇప్పటికీ సూచనలు తయారుచేసేది ప్రధానంగా ఈ లెక్క ప్రకారమే.

ఇప్పుడు ఆ లెక్కని తెలుగుకి పెట్టి చూడండి. అరువు, ఎరువు, కరువు, చెరువు, తరువు, దరువు, పరువు, బరువు. అన్నీ మాటలే. వీటిలో ఏ మాటలో మొదటి అక్షరం మారినా ఇంకో మంచి మాటే తయారవుతుంది. "బరువు తగ్గించుకోండి" అని రాయబోయి ప కొడితే ఆ ఆరోగ్య వ్యాసం చదివేవాళ్ల పరువు మీదకొస్తుంది. రైతుల కరపత్రంలో "ఎకరానికి రెండు బస్తాల కరువు" అని పడినా యంత్రానికి అభ్యంతరం ఉండదు. మన భాషలో ఇలాంటి ఇరుకు వీధులు చాలా ఉన్నాయి. అందుకే తెలుగులో టైపు చేసేవాడి వేలు జారితే అది చెల్లని మాటగా కాక చెల్లే మాటగా మారే అవకాశం ఎక్కువ.

దీని మీద ఇంగ్లీషులో జరిగిన పరిశోధన ఒకటి నన్ను బాగా ఆలోచింపజేసింది. 1986లో జేమ్స్ పీటర్సన్ అనే ఆయన జాబితా పరిమాణానికీ, పట్టుబడని తప్పులకీ సంబంధం లెక్కగట్టాడు. చిన్న జాబితా అయితే తప్పు కొట్టిన మాటల్లో 2 శాతం మాత్రమే ఇంకో సరైన మాటగా మారి తప్పించుకుంటాయి. 50,000 మాటల జాబితాకి అది 10 శాతం. 3,50,000 మాటల జాబితాకి దాదాపు 16 శాతం. మాటలు ఎక్కువగా నేర్పేకొద్దీ యంత్రం తప్పుల్ని ఎక్కువగా వదిలేస్తుందన్నమాట. ఎప్పుడూ వాడని పాత మాట ఒకటి జాబితాలో ఉంటే, రోజూ వాడే మాటలో పడిన తప్పు దాని వెనక దాక్కుంటుంది. ఇది టైపింగ్ పొరపాట్ల లెక్క. మనుషులు చేత్తో రాసేటప్పుడు ఇంకా ఎక్కువ. లండన్‌లో రోజర్ మిటన్ 1987లో విద్యార్థుల చేతిరాత వ్యాసాలు 925 తీసుకుని చూస్తే, అందులోని తప్పుల్లో 40 శాతం ఇలా సరైన మాటలే తప్పుచోట పడినవి.

తెలుగులో ఈ తప్పులు ఎక్కడ పుడతాయో నేను చూసిన మేరకు చెబుతాను. మొదటిది కీబోర్డు. ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ద, ధ రెండూ ఒకే మీట మీద ఉంటాయి. షిఫ్ట్ నొక్కితే ధ, నొక్కకపోతే ద. త, థ అంతే. ల, ళ అంతే. స, శ కూడా అంతే. అంటే చిటికెన వేలు షిఫ్ట్ మీద ఒక్క క్షణం ఎక్కువ ఉన్నా, తక్కువ ఉన్నా పతకం పథకమవుతుంది, ప్రదానం ప్రధానమవుతుంది, కల కళ అవుతుంది, వేల రూపాయలు వేళ రూపాయలవుతాయి, కూలిపోయిన విమానం శకలాలు సకలాలవుతాయి. రక్తదాత కాస్తా ధాత అవుతాడు. ఇవన్నీ నేను కష్టపడి ఏరుకొచ్చిన వింత ఉదాహరణలు కావు. ఏ ఊళ్లో ఏ ఫ్లెక్సీ చూసినా వీటిలో ఒకటి కనబడుతుంది.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లది ఇంకో ఇబ్బంది. మనవాళ్లకి లత, సీత అని ఇంగ్లీషులో రాసేటప్పుడు టీ పక్కన హెచ్ చేర్చడం చిన్నప్పటి నుంచీ అలవాటు. చాలా లిప్యంతర పద్ధతుల్లో ఆ రెండు అక్షరాలకీ థ వస్తుంది. వేళ్లకి అలవాటైన స్పెల్లింగు ఒకటి, యంత్రం అర్థం చేసుకునేది ఇంకొకటి. ఫోన్లలో అయితే సూచనల వరస ఒకటి పైన కనబడుతూ ఉంటుంది. రెండక్షరాలు కొట్టగానే అది మాట పూర్తిచేసి చూపిస్తుంది. తొందరలో పక్క మాట మీద వేలు పడితే "మీ అమ్మాయి పెళ్లి కుదిరిందని తెలిసి సంతాపం" అని వెళ్లిపోతుంది. సంతోషం, సంతాపం రెండూ "సంత"తోనే మొదలవుతాయి కదా. ఫోన్ ఇచ్చే మాట ఎప్పుడూ సరైన స్పెల్లింగుతోనే ఉంటుంది కాబట్టి, ఫోన్‌లో కొట్టిన రాతప్రతి మా దగ్గరికొస్తే అందులో ఎర్రగీత పడే తప్పులు తక్కువ, పడనివి ఎక్కువ.

రెండో కారణం చెవి. మాట్లాడేటప్పుడు ఒత్తులు అంత గట్టిగా పలకం. శాకాహారం అని అన్నా శాఖాహారం అని అన్నా వినేవాడికి తేడా తెలియదు. అందుకే భోజన హోటళ్ల బోర్డుల మీద కూరగాయల భోజనం కాస్తా కొమ్మల భోజనమైపోయింది. అర్థం, అర్ధం కూడా అంతే. ఒకటి భావం, ఇంకొకటి సగం. గృహప్రవేశం శుభలేఖ మీద గ్రహప్రవేశమని పడితే అచ్చయిన కార్డులన్నీ పారేసి మళ్లీ వేయించుకోవాలి. ఆ ఖర్చు ఎవరు భరించాలన్న తగువు ప్రెస్సులో మామూలే.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదమైనది, గుణింతం. తెలుగులో అర్థం మార్చేయడానికి అక్షరం దాకా వెళ్లక్కర్లేదు, కొమ్మో గుడో చాలు. "భోజనానికి ముందు రెండు మాత్రలు" అన్నదాంట్లో కొమ్ము ఎగిరిపోతే ముందు మందవుతుంది. "అన్నయ్య తిన్నాడు"లో గుడి పోతే అన్నయ్య తన్నాడు. "ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు" అన్న వాక్యంలో దీర్ఘం పోతే "అడిగిన" మిగులుతుంది. అది కూడా మాటే, కానీ వాక్యం కుంటుతుంది. కాని, కానీ కూడా అలాంటివే. "అది నిజం కాని మాట" అంటే అబద్ధం. "అది నిజం, కానీ..." అంటే నిజమే, ఇంకేదో చెప్పబోతున్నాం.

వీటన్నిటిలోకీ నేను ఎక్కువగా భయపడేది ఒకటుంది. "పన్ను చెల్లించిన వారి జాబితా" అని రాయండి. ఇప్పుడు చివరి చి మీదున్న గుడి పక్క అక్షరం మీదకి జరిగిందనుకోండి. "పన్ను చెల్లించని వారి జాబితా." కంప్యూటర్‌లో ఈ రెండింటికీ తేడా రెండు మీటలు ముందువెనకలు కావడమే. న కొట్టి గుడి కొడితే ఒకటి, గుడి కొట్టి న కొడితే ఇంకొకటి. డామెరో చెప్పిన తారుమారు తప్పుకి ఇంతకన్నా చక్కని ఉదాహరణ నాకు ఏ భాషలోనూ కనబడలేదు. గుర్తించిన, గుర్తించని. అనుమతించిన, అనుమతించని. పరీక్షించిన, పరీక్షించని. "ఇంచు"తో అంతమయ్యే క్రియలు తెలుగులో కొల్లలు, ముఖ్యంగా ఆఫీసు భాషలో. ఒక్క గుడి జరిగితే పన్ను కట్టినవాడు ఎగవేతదారుడవుతాడు. పరీక్షించని నీరు పరీక్షించిన నీరవుతుంది. వాక్యానికి వ్యాకరణం చెడదు, మాటకి స్పెల్లింగు చెడదు, అర్థం మాత్రం పూర్తిగా తిరగబడుతుంది.

చరిత్రలో పేరుమోసిన అచ్చుతప్పు కూడా ఈ జాతిదే. 1631లో లండన్‌లో రాబర్ట్ బార్కర్, మార్టిన్ లూకస్ అనే ముద్రాపకులు వేసిన బైబిల్లో, వ్యభిచారం చేయకూడదన్న ఆజ్ఞలో "నాట్" అన్న మాట జారిపోయింది. చేయమన్నట్టు అచ్చయింది. రాజు చార్లెస్ కొలువు వాళ్లకి 300 పౌండ్ల జరిమానా వేసింది. దాన్ని ఇప్పటికీ దుష్ట బైబిల్ అంటారు. ఆ పేజీని ఈ రోజు స్పెల్ చెకర్‌కి ఇచ్చినా ఆ వాక్యంలో తప్పు చూపించదు. ఉన్న మాటలన్నీ సరైనవే కదా. వాళ్లకి ఒక మాట జారింది. మనకి గుడి ఒక అక్షరం పక్కకి జరిగితే చాలు.

మరి తెలుగు స్పెల్ చెకర్లు అసలెంత పనిచేస్తున్నాయి? ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. తెలుగు అచ్చు ప్రపంచం ఏళ్ల తరబడి అను ఫాంట్లతో పేజ్‌మేకర్ మీద నడిచింది, ఇప్పటికీ చాలా చోట్ల నడుస్తోంది. ఆ ఫాంట్లలో తెరమీద కనిపించేది తెలుగు, కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. దానికి అది తెలుగని తెలియదు కాబట్టి తెలుగు తప్పులు వెతకడమన్న ప్రశ్నే లేదు. తెలుగు అక్షరాన్ని తెలుగుగానే దాచే యూనికోడ్‌లో మన భాషకి 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. కానీ ప్రెస్సులు అటు మారడానికి చాలా కాలం పట్టింది. అను ఫాంట్ల అందం, పాత ఫైళ్లు, అలవాటైన వేళ్లు, అన్నీ కారణాలే.

యూనికోడ్‌లోకి వచ్చాక ఇంకో చిక్కు. తెలుగులో మాటకి తోకలెక్కువ. ఇల్లు అనే ఒక్క మాట ఇంటికి, ఇంట్లో, ఇంటిదాకా, ఇళ్లల్లోంచి, ఇళ్లకేనా అంటూ సాగిపోతూ ఉంటుంది. వీటన్నిటినీ జాబితాగా రాసిపెట్టడం కుదరని పని. మాటల వేళ్లు, తోకలు విడివిడిగా నేర్పి, కలిపి చూసుకోమని చెప్పాలి. లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్ వాడే హన్‌స్పెల్ అనే ఇంజన్ పుట్టిందే ఇందుకు. లాస్లో నెమెత్ అనే హంగేరీ ఆయన తమ భాష కోసం దాన్ని తయారుచేశాడు. హంగేరియన్‌కి కూడా తెలుగులాగే మాటకి ప్రత్యయాల మీద ప్రత్యయాలు వచ్చి చేరతాయి. మన దగ్గర హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని భాషాశాస్త్రవేత్తలు తెలుగు మాటల్ని ఇలా విడగొట్టి చూసే పనిమీద ఏళ్లుగా ఉన్నారు. అయినా సంధులు కలిపి రాసే మన అలవాటు వల్ల, లిబ్రెఆఫీస్‌లో తెలుగు పేజీ తెరిస్తే మంచి మాటల కింద కూడా ఎర్రగీతలు బారులు తీరతాయి.

అక్కడే అసలు నష్టం మొదలవుతుంది. పేజీ అంతా ఎర్రగా ఉంటే టైపు చేసేవాళ్లు రెండు పనుల్లో ఒకటి చేస్తారు. స్పెల్ చెకర్ ఆపేస్తారు, లేదా కనిపించిన ప్రతి మాట మీదా కుడి మీట నొక్కి "నిఘంటువుకి చేర్చు" అని కొట్టుకుంటూ పోతారు. ఈ రెండోది మరీ చేటు. ఒక్కసారి తప్పు మాటని చేరిస్తే ఆ కంప్యూటర్‌లో అది ఇక ఎప్పటికీ ఒప్పే. ఒకే కంప్యూటర్ మీద ముగ్గురు నలుగురు పనిచేసే చోట ఎవరు ఏ మాట చేర్చారో ఎవరికీ తెలియదు. కొత్త ప్రెస్సులో పనికి ఒప్పుకుంటే నేను ముందు చేసేది ఆ సొంత నిఘంటువు తెరిపించి, అందులో చేరిన మాటలన్నీ ఒకసారి చదవడం. వర్డ్‌లో అయితే ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్లి కస్టమ్ డిక్షనరీస్ అని ఉన్న చోట ఆ జాబితా దొరుకుతుంది. అనుమానం ఉన్నవన్నీ అక్కడికక్కడే తీసేయాలి.

వాక్యాన్ని బట్టి మాట సరైనదా కాదా తేల్చే ప్రయత్నాలు లేకపోలేదు. 1991లో ఐబీఎం పరిశోధకులు మేస్, డామెరో, మెర్సర్ మూడేసి మాటల్ని కలిపి లెక్కగట్టే పద్ధతి చూపించారు. ఇంతకుముందు లక్షల వాక్యాల్లో ఈ మూడు మాటలూ ఇదే వరసలో ఎన్నిసార్లు వచ్చాయి, పక్క మాట పెడితే ఎన్నిసార్లు వచ్చాయి అని యంత్రం పోల్చుకుంటుంది. మూడు ఎందుకో మన ఉదాహరణతోనే తెలుస్తుంది. "బంగారు పథకం" అన్న రెండు మాటలు తప్పు కానక్కర్లేదు. నగల దుకాణాలు నెలవారీ బంగారు పథకాలు నడుపుతాయి. 2015లో కేంద్రం తెచ్చిన సావరిన్ గోల్డ్ బాండ్ కూడా పథకమే. "సాధించిన" అన్న మూడో మాట వచ్చాకే అది పతకమని తేలుతుంది.

ఇంగ్లీషులో ఆ తర్వాత తికమక పెట్టే జంటల్ని ఏరి, వాటి కోసం ప్రత్యేకంగా యంత్రాలకి శిక్షణ ఇచ్చారు. శాంతి అన్న అర్థంలో పీస్, ముక్క అన్న అర్థంలో పీస్ అలాంటి జంట. 2001లో మైక్రోసాఫ్ట్‌లో మిషెల్ బాంకో, ఎరిక్ బ్రిల్ వంద కోట్ల మాటల దాకా చదివించి చూస్తే, లెక్కగట్టే పద్ధతికి మెరుగులు దిద్దడం కన్నా ఎక్కువ వాక్యాలు చదివించడమే ఎక్కువ ఫలితమిచ్చింది. ఈ దారిలోనే వర్డ్ 2007లో నీలిగీత వచ్చింది. మాట ఉన్నదే, ఇక్కడ ఉండాల్సింది కాదేమో అని చెప్పే గీత. కొద్ది భాషలకే ఇచ్చారు, తెలుగుకి ఇవ్వలేదు. తెలుగుకి ఆ పని కష్టం కావడానికి కారణం ఉంది. ఒక్కో మాటకి వందల రూపాలుంటే, ఏ ఒక్క రూపమూ తగినన్నిసార్లు కనబడదు. అందువల్ల మనకి ఇంగ్లీషు కన్నా ఎక్కువ వాక్యాలు కావాలి, కంప్యూటర్‌లోకి ఎక్కినవి చూస్తే ఇంగ్లీషు కన్నా తక్కువ.

యంత్రం సొంతంగా దిద్దడానికి పూనుకుంటే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఐరోపా సమాఖ్య పత్రాల్లో సహకారం అన్న అర్థంలో రావాల్సిన కోఆపరేషన్ బదులు కూపర్టినో అన్న మాట పడి ఉన్న సంగతి బాగా ప్రచారమైంది. పాత స్పెల్ చెకర్ల జాబితాలో ఆ మాట మధ్యలో గీత ఉన్న రూపంలోనే ఉండేది. గీత లేకుండా రాస్తే దాని బదులు కాలిఫోర్నియాలోని ఊరి పేరు సూచించేది. కొందరు చూడకుండా ఒప్పేసుకున్నారు. మన పిల్లలు ఎందరో ఉద్యోగాలు చేస్తున్న ఆ ఊరు అలా దౌత్య పత్రాల్లోకెక్కింది. ఇప్పుడొస్తున్న కృత్రిమ మేధ పరికరాలు వాక్యం మొత్తం చదివి పతకాన్నీ పథకాన్నీ చాలావరకు వేరు చేయగలుగుతున్నాయి. వాటిని వాడేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. దిద్దమని అడగకండి, అనుమానాల జాబితా ఇమ్మని అడగండి. దిద్దమంటే రాయలసీమ కథలో యాస, శ్రీకాకుళం కథలో పలుకు, తెలంగాణ కథలో క్రియలు అన్నీ పాఠ్యపుస్తకం భాషలోకి మారిపోయి వస్తాయి. రచయిత చూసుకునే సరికి ఆ కథ ఆయనది కాకుండా పోతుంది.

నా పద్ధతి పాతదే, యంత్రంతో చేయించుకుంటున్నాను. తప్పు మాటల జాబితా కాక, అనుమానపు మాటల జాబితా నేను సొంతంగా పెట్టుకున్నాను. ఒప్పయినా సరే, ఆ మాట ఎక్కడ కనబడితే అక్కడ నాకు చూపించాలి. దీనికి లిబ్రెఆఫీస్‌లో మంచి సదుపాయం ఉంది. టూల్స్, ఆప్షన్స్, అందులో భాషలు, రైటింగ్ ఎయిడ్స్. అక్కడ కొత్త నిఘంటువు పెట్టేటప్పుడు ఎక్సెప్షన్ అన్న గడిలో టిక్ పెడితే అది మామూలు నిఘంటువుకి తలకిందులవుతుంది. అందులో చేర్చిన మాట సరైనదైనా దాని కింద ఎర్రగీత పడుతుంది. పక్కనే దాని బదులు ఏ మాట రావచ్చో కూడా రాసుకోవచ్చు. పథకం పక్కన పతకం, పతకం పక్కన పథకం. వర్డ్‌లో ఇంగ్లీషుకి ఇదే పని చేసే ఫైలు యూప్రూఫ్ అన్న ఫోల్డర్‌లో, ఎక్స్‌క్లూడ్ డిక్షనరీ అన్న పేరుతో ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి వరసకొక మాట రాసి దాచి, వర్డ్ మూసి మళ్లీ తెరిస్తే చాలు. ఇంగ్లీషు ఉత్తరాలు రాసే ఆఫీసుల్లో ఫామ్, ఫ్రమ్ అన్న రెండింటికీ తికమక ఎక్కువ. పబ్లిక్ అన్న మాటలో ఎల్ జారితే ఎంత పరువు పోతుందో ఇంగ్లీషు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఎల్ లేని ఆ మాట మీ ఆఫీసుకి ఎప్పటికీ అవసరం రాదు. ఆ ఫైలులో మొదటి వరసలో రాసిపెట్టండి.

తెలుగులో ఇంతటితో సరిపోదు. పథకం అని రాసిపెడితే పథకాన్ని, పథకాలకు అన్న రూపాల కింద గీత పడదు. అందుకని వర్డ్‌లో వెతుకుడు పెట్టెని వాడుకుంటాను. "పథక" దాకా కొట్టి, మాట మార్చకుండా పసుపు రంగు మాత్రం పూయమని రీప్లేస్‌కి చెబుతాను. తోక ఏదైనా సరే, ఆ వేరున్న ప్రతి మాటా రంగు తేలుతుంది. "ప్రధాన", "కళ", "వేళ", "సకల", "శాఖ" అన్నీ అంతే. ఆఫీసు నోటీసులు వస్తే "ంచని", "ంచిన" అని వెతికి రెండు రంగులు వేస్తాను. ఒక్కో రంగు మచ్చ దగ్గర ఆగి, వాక్యం చివరిదాకా చదివి, సరే అనుకున్నాక రంగు తీసేస్తాను. కొంత సమయం పడుతుంది. పన్ను కట్టిన మనిషి పేరు ఎగవేతదారుల జాబితా కింద అచ్చయితే పట్టే సమయంతో పోలిస్తే అది లెక్కలోది కాదు.

జాబితా పనిని బట్టి మారాలి. శుభలేఖలకి గృహ, గ్రహ, విందు, మందు, బావ, భావ, మామ, మామ్మ. వైద్యం కరపత్రాలకి ముందు, మందు, బరువు, పరువు, పరిమాణం, పరిణామం. క్రీడల పేజీకి పతకం, పథకం, ప్రదానం, ప్రధానం. అన్ని మాటలూ ఒకే జాబితాలో పోసేస్తే మళ్లీ పేజీ నిండా రంగులే మిగులుతాయి, కన్ను ఆగదు. పాత పుస్తకాలు స్కాన్ చేసి కంప్యూటర్ చేత చదివించిన పాఠమైతే జాబితా పూర్తిగా వేరు. అక్కడ వేలు జారదు, ఆకారం మోసం చేస్తుంది. ప, వ ఒకదానికొకటి మారిపోతాయి. పాడు వాడవుతాడు, వడ పడ అవుతుంది.

చివరినుంచి మొదటికి చదవమని ఒక సలహా తరచూ వింటుంటాను. స్పెల్లింగు చెడిన మాటలకి అది మంచి మందే. ఈ తప్పులకి మాత్రం పనికిరాదు. వాక్యం విడిపోతే మిగిలేది ఒంటరి మాట, ఒంటరిగా పథకం ఎప్పుడూ ఒప్పే. పైకి చదివించుకుని వినడం మేలు. వర్డ్‌లో రీడ్ అలౌడ్ ఉంది, ఎడ్జ్ బ్రౌజర్ తెలుగు బాగానే చదివి వినిపిస్తుంది. పరిణామానికీ పరిమాణానికీ, ముందుకీ మందుకీ తేడా చెవికి ఇట్టే తెలుస్తుంది. ఒత్తుల దగ్గర మాత్రం చెవిని నమ్మకూడదు. పూర్వం ప్రెస్సుల్లో ఒకరు రాతప్రతి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు చూసేవారు. చదివేవారు పథకం దగ్గరికి రాగానే "చుక్క థ" అనీ, ప్రధానం దగ్గర "ఒత్తు ధ" అనీ విడమర్చి చెప్పేవారు. ఇద్దరు మనుషులు దొరికిన రోజున నేను ఇప్పటికీ అలాగే చదివిస్తాను. ముఖ్యంగా ఫోటోషాప్‌లో, కోరెల్‌లో చేసే ఫ్లెక్సీలకీ కార్డులకీ ఇదొక్కటే దారి. అక్కడ అక్షరాలు బొమ్మలుగా మారిపోయాక ఏ స్పెల్ చెకరూ వాటిని చదవలేదు.

తెలుగు సాఫ్ట్‌వేర్ రాసే పిల్లలకి నాదొక విన్నపం. మాటల వేళ్లు గుర్తుపట్టే పని మీ దగ్గర ఇప్పటికే ఉంది. దానికి ఇలాంటి అనుమానపు జంటల జాబితాని తగిలించి, పతకం అని ఒక్కసారి రాసుకుంటే పతకాలు, పతకానికి, పతకాలన్నీ కూడా దొరికేలా చేయండి. మార్చొద్దు, చూపించండి చాలు. జంటలు ఏరడం మావంటి వాళ్లం చేసిపెడతాం. శుభలేఖలదీ క్రీడలదీ ఆఫీసు నోటీసులదీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, అడిగిన ప్రెస్సువాళ్లకి ఇస్తున్నాను. వ్యవసాయానిది సగంలో ఉంది. పురుగుమందుల మోతాదులు రాసే కరపత్రాల్లో వాడే మాటలు ఇంకా ఏరాలి, ఖరీఫ్ కరపత్రాలు ప్రెస్సుకి వచ్చేలోపు అది పూర్తిచేయాలి.